గవర్రాజు ఊపిరి ఆగే వేళలు

కాలవగట్టు కాలనీలో గవర్రాజుకి నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా కాలం కూడా ఆగుతుంది. భోజనం చేసి ఆయన పడుకునేది రెండింటికి, లేచేది నాలుగింటికి. ఈలోపు అరవైసార్లు ఆగుతుంది. కొరియర్ వాళ్ళు సహకరించాలని గేటు దగ్గర బోర్డు పెట్టారు.

కాలం ఆగితే కుక్కరు కూత సగంలో నిలబడిపోతుంది. పొంగబోయిన పాలు గిన్నె అంచున ఆగుతాయి. మగవాళ్ళు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోతారు. ఆడవాళ్ళు మాత్రం మామూలుగా తిరుగుతారు. విచారణకు వచ్చిన అధికారి, వీళ్ళ సమయం ఏ రికార్డులోనూ నమోదు కాలేదు కనుక ఆపే వీలు లేదని రాసి వెళ్ళాడు.

ఆ ఖాళీల్లో సత్యవాణి వీణ నేర్చుకుంది. బుల్లెమ్మాయి పదకొండు డిటెక్టివ్ నవలలు పూర్తిచేసింది. పై వాటా కోడలు ఏమీ చేయదు, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఆమెను చూస్తే అందరికీ ముచ్చటేస్తుంది.

గవర్రాజు భార్య మంగతాయారు మాత్రం మంచం పక్కనే ఉంటుంది. గడియారాలు నడవవు కనుక నోటితో లెక్కపెడుతుంది. నలభై రాగానే మోచేత్తో ఆయన డొక్కలో పొడుస్తుంది. ఆయన గుర్రుమని ఊపిరి పీలుస్తాడు, పాలు పొంగుతాయి.

"కొంచెం నిదానంగా లెక్కెట్టండి పిన్నీ!" అని కిటికీలోంచి బుల్లెమ్మాయి అరుస్తుంది.

ఒక ఏడాది గవర్రాజు రక్తపరీక్ష చేయించుకున్నాడు.

"పంతొమ్మిది! నీకెప్పుడూ తొమ్మిది దాటదు," అన్నాడు భార్యతో, హిమోగ్లోబిన్ అంకె చూపించి.

"అది మార్కులు కాదండీ," అంది డాక్టరమ్మ. ఊపిరి ఆగినప్పుడల్లా ప్రాణవాయువు తగ్గుతోందనీ, ఒళ్ళు కంగారుపడి ఎర్రకణాలను ఎక్కువగా తయారుచేస్తోందనీ, రక్తం చిక్కబడి ఎక్కడైనా గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. నిద్రలో ముక్కుకు గాలి అందించే మిషను రాసిచ్చింది.

మర్నాడు ఆడవాళ్ళంతా సమావేశమయ్యారు.

"వారానికి మూడ్రోజులు పెడితే చాలదా పిన్నీ? ఇంకా అరవై పేజీలున్నాయి. హంతకుడెవడో తేల్లేదు," అంది బుల్లెమ్మాయి.

"నీ హంతకుడి కోసం మా ఆయన్ని చంపుకోనా?"

అందరూ నవ్వారు. మంగతాయారుకీ నవ్వొచ్చింది.

"పోనీ, మీ మగాళ్ళని రోజూ గంటసేపు వంటిల్లు చూసుకోమనండి. మీ గంట మీకు మిగుల్తుంది," అంది.

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పై వాటా కోడలు కళ్ళు తుడుచుకుంది.

"జరిగేది చెప్పండి పిన్నీ," అంది సత్యవాణి. అసాధ్యమైన విషయాలు చర్చించరాదన్న నియమం ఉన్నందున ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు.

మిషను వచ్చింది. మొదటి మధ్యాహ్నం గవర్రాజు ఒక్కసారి కూడా ఆగకుండా రెండు గంటలు నిద్రపోయాడు. పక్కనే మంగతాయారు కూడా పడుకుని, పదేళ్ళ తర్వాత కల కంది. మూడు నెలలకి ఆయన రక్తం పలచబడింది.

ఆ వారమే అయిదో నంబరు ఇంటావిడ, తన భర్త గురక కూడా మధ్యమధ్యలో ఆగుతోందని సమావేశంలో చెప్పింది. అతనికి నలభై ఆరేళ్ళు. అందరూ చప్పట్లు కొట్టారు. అతనికి రక్తపరీక్ష ఏడాది తర్వాత చేయించాలని తీర్మానం రాశారు. మంగతాయారు గట్టిగా పోట్లాడి దాన్ని ఆరు నెలలకి దింపించి, సంతకం పెట్టింది.