కొంగలలంక ఎడారి

పశ్చిమ గోదావరి జిల్లాకు ఎడారి లేదన్న లోటును ప్రభుత్వం వారు 1938 ఏప్రిల్లో తీర్చారు.

"మరుభూమి గృహవన పథకం" అనే పేరుతో ఏలూరుకు ఒక సర్క్యులర్ వచ్చింది. నీటిచుక్క దొరకని ఇళ్లలో కుండీలు పెట్టి కూరగాయలు పండించాలి. ప్రతి జిల్లాలోనూ ఒక ఎడారి గ్రామాన్ని ఎంచి అందులో ఒక ఆదర్శ గృహవనం చూపించాలి. అందుకొక స్పెషల్ ఆఫీసరు ఉండాలి. ఆ ఉద్యోగం నరసరాజు గారికి దక్కింది. జిల్లాలో ఎడారి లేదని రాసేస్తే ఉద్యోగమూ లేనట్టే. అంచేత కార్యదీక్షాపరులైన ఆయన ఎడారిని వెతకడానికి బయలుదేరారు. తాడేపల్లిగూడెంలో వెతికారు. తణుకులో చెరుకుతోటల మధ్య వెతికారు. గుండుగొలనులో ఒక పూట భోంచేసి మరీ వెతికారు. ఎక్కడ చూసినా కాలవలే. ఆఖరికి కొల్లేటి నడుమ కొంగలలంకలో, హన్నమ్మ ఇంటి పెరట్లో, ఎడారి దొరికింది.

హన్నమ్మ మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి. మొగుడు పోయాక వలలు అల్లి కొడుకుని పెంచింది. వాడు కాలవ మీద సరుకు పడవ నడుపుతూ నెలకోసారి ఇంటికొస్తాడు. కోడలు యేసమ్మకు అప్పుడు మూడో నెల. ఏటా వానల్లో కొల్లేరు పెరట్లోకొచ్చి పాదులన్నీ కుళ్లబెట్టి పోతుంటే విసుగెత్తి, హన్నమ్మ నిలువెత్తు మంచె వేయించింది. దానిమీద చిల్లికుండలూ, కిరసనాయిలు డబ్బాలూ పేర్చి, మట్టి నింపి, వంగా మిరపా బచ్చలీ వేసింది. అత్తాకోడళ్లు తినేది ఆ కూరే.

నరసరాజు గారు పడవ దిగి, జోళ్లు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచొచ్చి, ఒడ్డెక్కకుండానే మంచెను చూసి పరవశించిపోయారు.

"కుండీలు! ఇవి కుండీలే గదా, హన్నమ్మా?"

"చిల్లికుండలండి."

"నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటావు?"

"తమరు నించున్న చోటు నుంచేనండి."

ఆయన కిందికి చూశారు. కాళ్ల చుట్టూ నీళ్లు కదులుతున్నాయి. "నీటి వసతి: నిలకడగా లేదు" అని రాసుకున్నారు. ఉన్నదున్నట్టు రాయడంలో ఆయనకు సాటి లేరు.

ఆ రోజునుంచి కుండీకి రోజుకొక్క గ్లాసు నీళ్లే పొయ్యాలని ఉత్తర్వయింది.

"వాన కురిస్తేనో అండీ?"

"ఎడారిలో వాన కురవదమ్మా. సర్క్యులర్లో స్పష్టంగా ఉంది."

మొక్కలు వడలిపోతుంటే హన్నమ్మ ప్రాణం ఊరుకోలేదు. ఆయన పడవ కనుమరుగు కాగానే కడవతో నీళ్లు మోసింది. వంగ విరగకాసింది. ఆయన బుట్టెడు వంకాయలు పరీక్ష నిమిత్తం ఏలూరు పట్టుకెళ్లారు. మర్నాడు మళ్లీ వచ్చారు.

"పరీక్ష నెగ్గాయా అండీ?"

"మా ఇంట్లో అందరూ నెగ్గాయనే అన్నారు. ఇంకో బుట్ట కావాలి."

జూన్లో మంత్రిగారి పర్యటన ఖాయమైంది. తమ్మిలేటి ఇసుక పన్నెండు పడవల్లో దిగింది. హన్నమ్మ పెరడంతా ఇసుక పరిచి, కొల్లేరు కనబడకుండా చుట్టూ తాటాకు తడికలు కట్టించారు. రోడ్డు లేదు గనక మంత్రిగారు ఎడారికి పడవలోనే వేంచేశారు. మంచె ఎక్కి ఒక వంకాయ కోసి, "నీటిబొట్టెరుగని ఈ నేలను పండించిన నరసరాజు గారు గంగతో పనిలేని భగీరథులు!" అన్నారు. తడిక అవతల పెద్ద చేప ఎగిరిపడింది.

"ఏమిటా చప్పుడు?"

"ఇసుక గాలండి," అన్నారు నరసరాజు గారు.

కొంగలలంకను ఎడారుల జాబితాలో చేర్చినట్టు మంత్రిగారు ప్రకటించారు. హన్నమ్మ పక్కనే ఉన్న మునసబు బంగార్రాజు గారితో మెల్లిగా అంది: "రేపు వరదొస్తే మనల్నెవరు చూస్తారండీ?"

"ముందు చప్పట్లు కొట్టమ్మా. పెద్దవాళ్లు చూస్తున్నారు."

అక్టోబరులో తుఫాను పట్టింది. మూడు రోజుల వానకి కొల్లేరు ఊళ్లోకొచ్చేసింది. మునసబు గారు తన పడవలో కుటుంబాన్ని గుండుగొలను చేర్చి, అక్కణ్ణుంచి సర్కారు పడవల కోసం అర్జీ పంపారు. మిగతా ఊరు ఇళ్లకప్పుల మీద ఉంది. మరో బుట్ట పరీక్షకు వచ్చిన నరసరాజు గారు, పడవ కొట్టుకుపోయి, హన్నమ్మ మంచె మీద చిక్కుకుపోయారు. కుండీల మధ్య యేసమ్మ నొప్పులు పడుతోంది.

నాలుగోనాడు తపాలా మనిషి ఏలీయా తాటిదోనెలో ఆ అర్జీకి జవాబు తెచ్చాడు. నరసరాజు గారు పైకే చదివారు. "మీ గ్రామము ఎడారుల జాబితాలో యున్నందున పడవలు పంపుటకు వీలులేదు. ఎడారిలో వరద యెట్లు సంభవించినదో, స్పెషల్ ఆఫీసరు గృహవన యజమాని సంతకముతో తక్షణము సంజాయిషీ ఇయ్యవలెను."

ఆయన కాగితం కేసీ, నీళ్లకేసీ చూశారు. వరదంటే రిపోర్టు అబద్ధమౌతుంది. రిపోర్టు నిజమంటే వరద ఉండకూడదు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. గబగబా రాసి, కాగితం హన్నమ్మ చేతికిచ్చారు.

"స్వయముగా విచారించితిని. గ్రామస్థులకు కనిపించుచున్నది నీరు కాదు, ఎండమావి."

హన్నమ్మ రెండుసార్లు చదువుకుంది. సర్కారు పడవలు ఎలాగూ రావు. కాలవ మీదికి చేరగలిగితే కొడుకు పడవుంది, వాడి జతగాళ్ల పడవలున్నాయి; ఊరందర్నీ కప్పుల మీంచి దింపించొచ్చు.

"దోనె ఎందర్ని మోస్తుంది, ఏలీయా?"

"నేను గాక ఇద్దర్ని, పిన్నీ. అంతకు మించితే మునుగుద్ది."

"సంతకం పెడతానండి," అంది నరసరాజు గారితో. "మా కోడలూ నేనూ దోనె ఎక్కాక పెడతాను."

వేరే దారి లేక ఆయనే యేసమ్మ చెయ్యి పట్టి దింపారు. హన్నమ్మ దోనెలో కోడలి తల ఒళ్లో పెట్టుకుని, కాగితం మీద గుండ్రంగా సంతకం చేసి, ఏలీయా సంచిలో పడేసింది. ఏలీయా తెడ్డు వేశాడు.

"మరి నేనో?" అని మంచె మీంచి కేకేశారు నరసరాజు గారు.

"ఎండమావే గదండీ," అంది హన్నమ్మ వెనక్కి తిరిగి. "తమరు నడిచొచ్చెయ్యండి."