కోనమ్మ కంపెనీకి పెళ్ళివారొచ్చారు

ఒక పెద్ద అడవిలో, వాగుకి కూతవేటు దూరంలో, కోనమ్మ అనే ఎలుగుబంటి తేనె కంపెనీ నడిపేది. కంపెనీ అంటే మరీ పెద్దదేం కాదు. ఒక ముసలి మద్దిచెట్టు తొర్ర, దాని నిండా తేనె కుండలు, మోయడానికి బండయ్య అనే అడవిపంది, వాగు ఒడ్డున కాపలాకి తీతమ్మ అనే తీతువుపిట్ట. పైకొమ్మల్లో తేనెటీగలు.

తేనెటీగల రాణి మొదట్లోనే ఖరాఖండిగా చెప్పేసింది. "మా కష్టం ఒక్కసారి నీళ్ళపాలైందంటే మేం పక్క అడవికి పోతాం. మళ్ళీ బతిమాలొద్దు."

ఈగలు పోతే కంపెనీ లేదు. కంపెనీ లేకపోతే కోనమ్మ కూడా మిగతా ఎలుగుబంట్లలా చెదపుట్టలు తవ్వుకుని బతకాల్సిందే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి రాత్రంతా నిద్ర పట్టేది కాదు. అందుకని తలుచుకోవడం మానేసింది.

ఇలా ఉండగా అడవి మండలి ఒక ఉత్తర్వు జారీ చేసింది. ఆపదొస్తే ఏం చేస్తారో, ఆ తర్వాత వ్యాపారం ఎలా నిలబెట్టుకుంటారో చిన్న కంపెనీలన్నీ ప్రణాళిక వేసుకోవాలి. వేసుకోనివాళ్ళకి సంతలో చోటు లేదు. మండలి పెద్దలకి మాత్రం ఈ నియమం వర్తించదు. తమకి ఆపదలు రావని వాళ్ళు అప్పటికే తీర్మానం చేసుకున్నారు.

మర్నాడే సర్వేశం అనే నక్క దిగబడ్డాడు. ఉత్తర్వు రాకముందు అతను ఏం చేసేవాడో ఎవరికీ తెలీదు. వచ్చాక మాత్రం ఆపదల సలహాదారు.

"చెప్పండి కోనమ్మగారూ, వరదొస్తే ఏం చేస్తారు?"

కోనమ్మ రెండు చెవులూ మూసుకుంది. "అమ్మో! పొద్దున్నే ఏం మాటలండీ అవి? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. వాళ్ళు విని 'అలాగే కానీ' అన్నారంటే నా గతేం కాను?"

"పోనీ, అడవి అంటుకుంటే?"

"బండయ్యా, ఈయన్ని బయటికి పంపించు!"

సర్వేశం ఊరికే పోయే రకం కాదు. ఎదుటివాళ్ళు వినాలనుకున్నదే సలహాగా ఇవ్వాలని అతనికి బాగా తెలుసు. "ఆగండాగండి. ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటాం? నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. మన ప్రణాళికా అలాగే శుభంగా వేసుకుందాం. వరదని 'పెళ్ళివారు' అందాం. గుట్ట మీది గుహని 'విడిది' అందాం. తీతమ్మ 'పెళ్ళివారొచ్చారు' అని అరవగానే అందరూ కుండలెత్తుకుని విడిదికి పోవాలి. అంతే! దేవతలు విన్నా మనకి నష్టం లేదు."

కోనమ్మ మొహం చాటంత అయింది. తీతమ్మ అయితే ఆనందం పట్టలేక గాల్లో గిరికీలు కొట్టింది. పుట్టినప్పట్నుంచీ ఆమె గొంతు వినబడితే చాలు, అపశకునమని అందరూ తిట్టినవాళ్ళే. ఇన్నాళ్ళకి ఆ గొంతుకి ఒక శుభవార్త దొరికింది.

ప్రణాళికని ఒకసారి ఆడి చూడాలన్నాడు సర్వేశం. కోనమ్మ మళ్ళీ అడ్డుపడింది.

"ఏమీ లేకుండా పరుగులు పెడితే చేజేతులా కీడుని పిలిచినట్టే. పరుగులు మాత్రం వద్దు."

"వద్దులెండి. కూర్చునే చేద్దాం," అన్నాడు సర్వేశం.

అలా నెలనెలా రిహార్సల్ జరిగేది. తీతమ్మ "పెళ్ళివారొచ్చారు" అని అరిచేది. బండయ్య తొర్రకి తోరణం కట్టి, చాపలు పరిచి, కుండలు బయటికి తెచ్చి తేనె పానకం కలిపేవాడు. ఇరుగుపొరుగు వాసన పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. మొదట్లో ఒక కుందేలు, "ఇంతకీ మనం గుట్టెక్కాలి కదండీ?" అని అడిగింది. దాని చేతిలో ఇంకో దొన్నె పానకం పెట్టారు. తర్వాత ఎవరూ అడగలేదు.

మండలి నుంచి తనిఖీకి వచ్చిన ఏనుగు తొండం పట్టినంత పానకం తాగి, 'ఆదర్శ కంపెనీ' అని పలక రాసిచ్చింది. కోనమ్మ దాన్ని గుమ్మానికి తగిలించుకుంది. ఇక తనకేం భయం లేదనుకుని ఎంత సంబరపడిందో పిచ్చిది!

శ్రావణం వచ్చింది. పై కొండల్లో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం తీతమ్మ రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది.

"అమ్మగారూ! పెళ్ళివారొచ్చారు! పెళ్ళివారొచ్చారు!"

"ఈ నెల అప్పుడే వచ్చేశారా? బండయ్యా, తోరణం! చాపలు! అందరికీ కబురు పెట్టు!"

క్షణాల్లో సగం అడవి దిగింది. సర్వేశం ముందు వరసలో చాప మీద చతికిలబడ్డాడు. తీతమ్మ మాత్రం పైన తిరుగుతూనే ఉంది.

"అమ్మగారూ, నిజంగానే వచ్చారండీ!"

"సరేనే! ఎంతమందేమిటి?"

"లెక్కలేదండీ! వస్తూనే ఉన్నారు!"

"ఏ దారిన?"

"వాగు దారినే! చెట్లు కూడా తోసుకుంటూ వస్తున్నారు!"

"గొప్పింటి సంబంధంలా ఉందే," అని మురిసిపోయింది కోనమ్మ. "పానకం సరిపోతుందంటావా?"

"వాళ్ళు పానకంతో పోయేలా లేరండీ, కుండలతో సహా మింగేలా ఉన్నారు!"

అప్పుడే కోనమ్మ కాళ్ళకి చల్లగా తగిలింది.

"శభాష్ బండయ్యా! చెప్పకుండానే వచ్చినవాళ్ళ కాళ్ళకి నీళ్ళిచ్చేశావే!"

"ఎక్కడండీ? నాకింకా చెంబే దొరకలేదు," అన్నాడు బండయ్య.

కోనమ్మ కిందికి చూసింది. బురదనీళ్ళు. ముందు వరసలో సర్వేశం చాపతో సహా తేలుతున్నాడు. ఆమెకి అంతా అర్థమైపోయింది. అరవబోయింది. తథాస్తు దేవతలు గుర్తొచ్చి నోరు మూసేసుకుంది. అలవాటుగా ఆకాశం వైపు చూసింది. పైకొమ్మ మీద తేనెటీగల రాణి కన్నార్పకుండా తననే చూస్తోంది. కోనమ్మకి చెదపుట్టలు గుర్తొచ్చాయి.

"వరద!" అని అడవి అదిరేలా అరిచింది. "వరదర్రా వరద! తథాస్తు అంటారో మానతారో మీ ఇష్టం స్వాములూ, ఎలాగూ వచ్చేసింది!"

ఒక్క మాటకి అందరూ లేచారు. పానకం కోసం కుండలన్నీ అప్పటికే బయట ఉన్నాయి, మోయడానికి సగం అడవి అక్కడే ఉంది. తలా ఒక కుండ చంకనెత్తుకుని గుట్టెక్కేశారు. వెనక్కి తిరిగి చూస్తే మద్దిచెట్టు మొదలంతా నీళ్ళలో ఉంది. 'ఆదర్శ కంపెనీ' పలక తిరుగుతూ తిరుగుతూ వాగులో పోతోంది.

గుహలో కుండల మూతలు తీసి చూస్తే సగం ఖాళీ. మోసినవాళ్ళంతా మూతులు తుడుచుకుంటున్నారు. కోనమ్మ భయం భయంగా, వాళ్ళ వెంటే గుట్ట మీదికి ఎగిరొచ్చిన రాణి దగ్గరికి వెళ్ళింది.

రాణి ఒక్కో కుండలోకీ తొంగి చూసింది. "నీళ్ళపాలైతే పోతామన్నాం గానీ, చుట్టాలపాలైతే పోతామనలేదు కదా," అంది.

కోనమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కంపెనీ బతికింది.

మండలి విచారణ జరిపి, ప్రణాళిక అద్భుతంగా పనిచేసిందని తేల్చింది. సర్వేశాన్ని ముఖ్య సలహాదారుని చేసింది. 'పెళ్ళివారొచ్చారు' అని వినబడితే చేతికందింది పట్టుకుని గుట్టెక్కడం అడవి మొత్తానికి తప్పనిసరి చేసింది. ఈసారి రిహార్సల్లో పానకం లేదు, పరుగే. అడవి అంతటికీ ఆ పాఠం నరనరానా పట్టేసింది.

మాఘమాసంలో సర్వేశం కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. గాడిపొయ్యి మీద వంటలు, పందిట్లో సందడి. మగపెళ్ళివారు పొలిమేర దాటగానే తీతమ్మ సంబరంగా ఎగిరొచ్చింది.

"పెళ్ళివారొచ్చారు! పెళ్ళివారొచ్చారు!"

మరుక్షణం పందిరి ఖాళీ. పులిహోర గంగాళం ఒకరు, లడ్డూల గంప ఒకరు, తాళిబొట్టున్న పళ్ళెం ఒకరు. అందరికంటే ముందు కోనమ్మ, పెళ్ళికూతుర్ని చంకనేసుకుని గుట్ట వైపు లగెత్తింది.

"ఆగండి కోనమ్మగారూ! ఇది నిజం పెళ్ళే! వచ్చింది నిజం పెళ్ళివారే!" అంటూ సర్వేశం వెంటపడ్డాడు.

కోనమ్మ ఆగకుండానే వెనక్కి తిరిగి కసిరింది. "ఇలాంటప్పుడు అశుభం పలక్కండి సర్వేశంగారూ! ముందు పరుగెత్తండి!"

నీతి: ఆపదకి పెళ్ళని పేరు పెడితే ఆపద ఆగదు గానీ, పెళ్ళి మాత్రం ఆగిపోతుంది.