4071 నొక్కితే కురిసిన మంచు

2011 మే 14, ఊరి పండుగకు ముందురోజు. మధ్యాహ్నం నూడుల్స్, నిప్పుల మీద కాల్చిన చేప, అరిటాకులో చుట్టి ఉడికించిన కొబ్బరి అన్నం తిన్నాం. చేతులు కడుక్కునేసరికి మా ఇంటికి పాటలు పాడుకునే వీడియోకే మెషీన్ వచ్చింది. దానితోపాటు బానిసత్వం కూడా వచ్చింది. ఆ బానిసత్వం మానవజాతికి చాలా మేలు చేసేదని ఇక్కడ మనవి చేస్తున్నాను.

విషయం ఏమిటంటే, ఒక కంపెనీ పాట ఇంకో కంపెనీ మెషీన్‌లో పలకదు. కొందరు దీన్ని దౌర్జన్యం అంటారు. నేను పాతివ్రత్యం అంటాను. పాటలు ఏ మెషీన్ దొరికితే ఆ మెషీన్‌లో పలకడం మొదలుపెడితే ఇక లోకంలో నీతి ఏం మిగులుతుంది?

మా ఇలోయిలో పట్టణంలో పాటలను పేరుతో ఎవరూ అడగరు, నంబరుతో అడుగుతారు. మెషీన్‌లో నంబరు నొక్కితే తెర మీద మాటలు వస్తాయి, అవి చూస్తూ మైకులో పాడతాం, చివర మెషీనే మార్కులు వేస్తుంది. సొంత ఫోన్ నంబరు గుర్తులేనివాళ్ళకు కూడా తమ పాట నంబరు నిద్రలో లేపి అడిగినా గుర్తుంటుంది. కంపెనీ మారిస్తే నంబర్లన్నీ మారిపోతాయి. ఇక మారేదెవరు? ఎన్నికకో పార్టీ మార్చే మా వార్డు నాయకుడు కూడా ఇంతవరకు మెషీన్ మార్చలేదు. రాజకీయాల్లో తీసుకురాలేని నిలకడను పాటల కంపెనీలు తెచ్చాయి. దీనికి వాళ్ళకు ఎవరైనా సన్మానం చేశారా?

మా ఆవిడ ఫెలీసా పాట 4071. రేవులో ఆఖరి పడవ కోసం నిలబడిన మనిషి పాట అది, మా ప్రాంతపు భాషలోనిది. ఆమె దాన్ని ప్రతి శనివారం పాడేది. మెషీన్ ఎప్పుడూ నూరు మార్కులు వేయలేదు. "కంపెనీవాళ్ళకి చెవులుండవు" అనేది.

అసలు తీర్పు మాత్రం ఎదురింటి గోర్యోది.

"మాస్టారూ, మీ ఆవిడ ఇవాళ కూడా పడవెక్కుతుందా?" అని గుమ్మంలోంచి అడిగేవాడు.

"ఎక్కుతుంది."

"ఏదో ఒకరోజు అవతలి ఒడ్డుకి చేరమను. ఇన్నేళ్ళుగా రేవులోనే ఉంది."

ఆమె మైకు పట్టుకోగానే అతని తలుపు ధడాలున పడేది. సందులో కుక్కలు లేచేవి.

పోయినేడాది మే నెలలో ఫెలీసా కన్నుమూసింది. అక్టోబరు వరదలో మెషీన్ పోయింది. పాటలుండే చిప్‌ను మాత్రం మరదలు పెర్లా ముందుచూపుతో పీకి బియ్యం డబ్బా మీద పెట్టింది. సంవత్సరీకం నాడు, ఏడాదిగా కట్టిన సంతాపపు నల్లబట్టలు విడిచే రోజున, అక్క పాట పాడి తీరాలని పెర్లా పంతం. నా కోరికా అదే.

చిప్ జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. పాత కంపెనీ మూతపడిందట. వేరే కంపెనీ మెషీన్ చూపించారు.

"ఆ చిప్ దీంట్లో దూరదు సర్."

"కొంచెం గట్టిగా నొక్కితే?"

"దూరినా పలకదు సర్."

"పోనీ, ఆ పాట మీ దగ్గర ఉందా?"

"లేదు సర్. దాని హక్కులు ఆ కంపెనీవి."

"మూతపడిందన్నారుగా. మూతపడినవాళ్ళకి పాటెందుకు?"

"ఎందుకో ఏంటో సర్, హక్కులు మాత్రం వాళ్ళవే."

ఎంత గొప్ప నిష్ఠ! మనుషులు పోతే ఏడాదికి నల్లబట్టలు విడుస్తాం. హక్కులు కంపెనీ పోయినా వైధవ్యం పాటిస్తున్నాయి.

ఫోన్‌లో చూద్దామంది పెర్లా. ఫెలీసా తన ఫోన్‌లో నెలనెలా అద్దె కట్టి పాటలు వినేది. అద్దె ఆగగానే అవి ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. నా ఫోన్‌లోని యాప్ వేరేవాళ్ళది. అటు పాటలను ఇటు చేరవేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందంటే పెట్టించాను. అది సగం రోజు ఆలోచించి 'విజయవంతంగా చేరవేశాం' అని ప్రకటించింది. తెరిచి చూస్తే పేర్లన్నీ వచ్చాయి, పాటలు రాలేదు. గుమ్మం ముందు చెప్పులున్నాయి, ఇంట్లో చుట్టాలు లేరు.

సంవత్సరీకం నాటి సాయంత్రం ప్రార్థన అయింది. నల్లబట్టలు విప్పి మడతపెట్టాం. గోర్యోను పిలిస్తే, "పాటలుంటే రాను, అన్నం పంపండి" అన్నాడు. పంపాం. గుమ్మంలో కూర్చుని తిన్నాడు.

ఆ పాట లేదని తెలిసీ, అలవాటు చొప్పున నా వేలు వెళ్ళి, ఆ దుకాణంలోనే కొని తెచ్చిన కొత్త మెషీన్‌లో 4071 నొక్కింది. తెర నిండా మంచు కురిసింది. గంటలు మోగాయి. క్రిస్మస్ పాట. మా వాళ్ళు సెప్టెంబరులోనే క్రిస్మస్ మొదలుపెడతారు గానీ, మే నెల మాకు కూడా మరీ తొందర.

ముందు పెర్లా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఆ మంచు ఆపు బావా. ప్లగ్ పీకేయ్. ఊరికే పాడదాం" అంది.

పల్లవి, మొదటి చరణం పాడింది. రెండో చరణం దగ్గర ఆగి నావైపు చూసింది. నేను తెర వైపు చూశాను. అక్కడేముంది? ఇన్నేళ్ళూ తెర చూసి పాడినవాళ్ళమే కదా అందరం. మాటలు ఒక్కరికీ రావు.

"తాడు విప్పిన చెయ్యి" అని సందులోంచి వినబడింది. గోర్యో. కంచం ఇంకా చేతిలోనే ఉంది. "అక్కణ్ణుంచి ఎత్తుకో. ఆ తర్వాత నీళ్ళలో దీపం. దీపం దగ్గర మీ అక్క ఎప్పుడూ శ్రుతి తప్పేది. నువ్వూ తప్పు, పర్లేదు."

పెర్లా ఎత్తుకుంది. దీపం దగ్గర తప్పింది. అతను ఒక్కొక్క మాటా అందిస్తూ ఆఖరి చరణం దాకా తీసుకొచ్చాడు.

కాబట్టి కంపెనీలవారికి నా కృతజ్ఞతలు. ఆ చిప్ దూరి ఉంటే, పాట నిజంగా ఎక్కడ భద్రంగా ఉందో నాకు తెలిసేది కాదు. వరద వచ్చినా, అద్దె ఆగినా చెడని చోటది. పాఠకులకు ఒక్కటే సలహా: పాట కొనేముందు, అదంటే గిట్టని మనిషి ఎదురింట్లో ఒకడున్నాడో లేదో చూసుకోండి. డబ్బిచ్చి కొన్న పాట మనదేనని కంపెనీలు ఒప్పుకునేదాకా అంతకన్నా నమ్మకమైన ఏర్పాటు మరొకటి లేదు.

ఆ సాయంత్రం పాటకు మార్కులు పడలేదు. గోర్యో కంచం కడిగి గట్టు మీద బోర్లించాడు. ఇన్నేళ్ళూ ధడాలున వేసిన ఆ తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకున్నాడు.