ఒక పరీక్ష, రెండు రేడియేటర్లు

ఆ రోజు పదకొండు గంటలకు ఆవిడకు డ్రైవింగు పరీక్ష. పదింటికి బయలుదేరాలి, దారిలో ఖాళీ చోటు చూసి ఒకసారి రివర్సు సాధన చేయాలి, పావు గంట ముందే అక్కడ ఉండాలి. ఇదీ పథకం. బండి ఇరవై రెండేళ్ల నాటి డీజిలు కారు. ఆవిడ తండ్రి పోతూ పోతూ కూతురికి ఇచ్చి వెళ్లినది. కాబట్టి బండి ఆవిడది. తాళాలు మాత్రం భర్తవి. భర్త కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఉష్ణం మీద పాఠాలు చెబుతున్నారు కనుక, వేడెక్కే వస్తువు ఏదైనా తన మాట వింటుందని ఆయన నమ్మకం.

ఏడింటికి ఆయన బానెట్టు ఎత్తి చూశారు. రేడియేటరు కింద నేల మీద బొత్తామంత తడి.

"నేను చూశాను కాబట్టి సరిపోయింది," అన్నారు భార్యతో. "లేకపోతే నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కుకుంటూ ఆగిపోయేదానివి."

ఆవిడ వెంటనే డ్రైవింగు స్కూలు మాస్టారికి ఫోను చేసింది. "గొట్టం క్లిప్పు వదులై ఉంటుందమ్మా. స్క్రూడ్రైవరుతో రెండు తిప్పులు తిప్పి, నీళ్లు పోసుకుని వచ్చేయండి," అన్నాడు మాస్టారు. ఆవిడ ఆ మాట భర్తకు చేరవేసింది. చేరవేయకపోతే ఆ రెండు తిప్పులూ ఆయనే తిప్పేవారేమో.

"గేర్లు మార్చడం నేర్పేవాడు నాకు రేడియేటరు గురించి చెబుతాడా?" అన్నారాయన.

స్క్రూడ్రైవరు తీసుకున్న మాట నిజమే. దాన్ని క్లిప్పు ఛాయలకు పోనివ్వలేదు. ఏళ్ల తరబడి రాళ్లు తగిలి రేడియేటరు ముందు వైపు రేకులు నలిగి ఉన్నాయి. గాలి ఆడకే వేడి, వేడికే ఒత్తిడి, ఒత్తిడికే లీకు అని తేల్చి, రేకుల్ని ఒక్కొక్కటే తిన్నగా చేయడానికి కూర్చున్నారు. పదిహేనో రేకు దగ్గర స్క్రూడ్రైవరు జారి లోపలి గొట్టంలో కసుక్కున దిగింది. సన్నటి ధార ఒకటి వచ్చి ఆయన కళ్లద్దాల మీద పడింది.

"చూశావా, లీకు ఎక్కడుందో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది," అన్నారాయన, అద్దాలు తుడుచుకుంటూ.

ఇక మార్చడమే శరణ్యమనుకున్నారు. పై గొట్టం పట్టి గుంజితే, పాతబడిన ప్లాస్టిక్ మూతి పుటుక్కున విరిగి దానితోపాటు చేతికొచ్చింది. రెండు రోజులు ఉండి వెళదామని వచ్చిన బావమరిదిని స్కూటరెక్కించి పాత విడిభాగాల షాపుకు తరిమారు. అరగంటకు అక్కడి నుంచి ఫోను.

"బావా, ఇక్కడ రెండు రకాలున్నాయి. పెట్రోలు బండిదా, డీజిలు బండిదా అని అడుగుతున్నాడు."

"రేడియేటరులో పోసేది ఏమిటి?"

"నీళ్లు."

"మరి మధ్యలో పెట్రోలెందుకొచ్చింది? నిన్ను అమాయకుణ్ణి చేస్తున్నాడు. ఏది కొత్తగా కనిపిస్తే అది పట్టుకురా."

షాపువాడు ఫోను అందుకుని, "సార్, డీజిలుది పెద్దది, మందంగా ఉంటుంది..." అని ఏదో చెప్పబోయాడు.

"నువ్వు ఎంతవరకు చదువుకున్నావు?" అని అడిగారు లెక్చరరు గారు.

షాపువాడు వెంటనే నిగనిగలాడుతున్న పెట్రోలు రేడియేటరు ఒకటి కట్టి ఇచ్చి, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీద రాసి, కింద గీత కూడా గీశాడు.

అది కారులో పెద్దన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా వేలాడింది. రెండు పక్కలా బెత్తెడు ఖాళీ. ఏ బోల్టూ ఏ రంధ్రానికీ అందలేదు. లెక్చరరు గారు ఇనప తీగ తెప్పించి, ఆ చివర నుంచి ఈ చివరకు బిగించి కట్టారు. అప్పటికి పదీ ఇరవై అయింది. ఆవిడ కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"ఏమండీ, నేను వేరే ఏదైనా చూసుకుంటాను."

"ఐదు నిమిషాలు. ఈ కంగారే నిన్ను పరీక్షలో ఫెయిలు చేస్తుంది," అన్నారాయన, బానెట్టులోంచి తల తీయకుండా.

ఆవిడ మళ్లీ మాస్టారికి ఫోను చేసింది. స్కూలు కారు వచ్చింది, ఆవిడ ఎక్కింది, కారు వెళ్లిపోయింది. బానెట్టులోని తల మాత్రం ఉష్ణప్రసరణ గురించి ఆవిడకు వివరిస్తూనే ఉంది.

"అక్క వెళ్లిపోయింది బావా," అన్నాడు బావమరిది కాసేపటికి.

"వెళ్లనీ. నువ్వు స్టార్టు చెయ్యి. ఆ తర్వాత నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు."

పాత డీజిలు ఇంజను మేలుకుంటే ఒళ్లంతా విరుచుకుని గానీ లేవదు. ఆ కుదుపుకు తీగ సడలింది. రేడియేటరు మెల్లగా వెనక్కి ఒరిగి ఫ్యాను మీద తల వాల్చింది. గరగరమని చప్పుడు. లెక్చరరు గారు ఎగిరి ఒక అడుగు వెనక్కి వేశారు. బావమరిది తాళం మీద చెయ్యి పెట్టుకుని ఆజ్ఞ కోసం ఎదురుచూశాడు. ఫ్యాను మధ్యభాగమంతా నమిలేశాక, "ఆపమంటారా బావా?" అని అడిగాడు.

ఆవిడ పన్నెండున్నరకు మాస్టారితో తిరిగి వచ్చేసరికి, వాకిట్లో రెండు రేడియేటర్లు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మోచేతుల దాకా మసి.

"పాసయ్యాను," అంది ఆవిడ.

"మన బండి అయితే ఇంకా బాగా చేసేదానివి," అన్నారాయన.

మాస్టారు రేడియేటర్ల వంక చూసి, స్కూలు కారు డిక్కీలోంచి తాడు తీశాడు. మెకానిక్ షెడ్డు రెండు వీధుల అవతలే ఉంది.

"లాగే బండి ఎవరైనా నడుపుతారు సార్. వెనక బండిలో బ్రేకు చూసుకోవడానికి అనుభవం ఉన్నవాళ్లు కావాలి," అన్నాడు. లెక్చరరు గారి ముఖం కొంచెం తేటపడింది. వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నారు. అప్పుడు మాస్టారు స్కూలు కారు తాళం ఆవిడ చేతిలో పెట్టి, తను పక్క సీటులోకి మారాడు.

భర్త పక్కనున్న కిటికీ దగ్గరకు ఆవిడ వచ్చి చెప్పింది. "తాడు వదులు కానివ్వకండి. నేను చెయ్యి బయట పెట్టినప్పుడే బ్రేకు. మీ అంతట మీరు ఏమీ చేయకండి."

వీధి అరుగుల మీది జనమంతా లేచి చూశారు. మలుపుల్లో ఆవిడ చెయ్యి పెట్టింది, ఆయన బ్రేకు వేశారు. ఆవిడ తీసేసింది, ఆయన వదిలేశారు. షెడ్డు ముందు ఆగాక మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ బండిని ఇంత దూరం ఎవరు తెచ్చారమ్మా?"

"మా ఆయనే తెచ్చారు. నేను దారి చూపించానంతే," అంది ఆవిడ.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకక, లెక్చరరు గారు ఆ పూట మొదటిసారిగా ఆవిడ చెప్పింది ఒప్పుకున్నారు.