ముంబై అక్కరలేని మందు

"ఇయ్యాల్టి నుంచి భివండిల నోటి క్యాన్సర్ ఉండది!" అని మా నగరసేవకుడు, అంటే కార్పొరేటరు, పర్శరాములు గారు దసరా మర్నాడు మైకులో ప్రకటించారు. క్యాన్సర్‌తో అంత గట్టిగా మాట్లాడిన నాయకుణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

ఆధారం లేకుండా మాట్లాడే మనిషి కాదాయన. పసుపులోని ఒక పదార్థం నోటి క్యాన్సర్ కణాలను చంపిందని మరాఠీ పేపర్లో వచ్చింది. ముంబైకి దగ్గర్లోని ఈ భివండిలో, కామత్‌ఘర్ పేటలో నాది పాన్‌పట్టీ దుకాణం. ఆ పేపరు ముక్కలోనే నేను ఆయనకు వక్కలు పొట్లం కట్టిచ్చాను. చదువు ఎక్కడ దొరికినా ఆయన వదలరు.

"అన్నా, అది గాజుగిన్నెల పెంచిన కణాల మీద చేసిన టెస్టు. మనుషుల మీద కాదు," అన్నాడు ఆయన పెట్టించిన క్యాన్సర్ శిబిరానికి పిలిపించిన మావాళ్ల కుర్ర డాక్టరు స్వప్నిల్.

"మన కామత్‌ఘరోళ్ల నోరు గాజుగిన్నె కన్న తక్కువనా?"

డాక్టరు స్టెతస్కోపు మెళ్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. సైన్సుకు కొన్ని హద్దులున్నాయి.

సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, బీడీ ముట్టిస్తే నూలు అంటుకుంటుందని, తెలంగాణ నుంచి నేతపనికి వచ్చిన మావాళ్లు తంబాకు నోట్లో పెట్టుకుంటారు. సాంచాలు నడిపే రాజయ్య పెళ్లికి ముందునుంచీ పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు దవడలో పుండు. నోట్లో రెండు వేళ్లు పట్టవు. ముంబై పెద్దాసుపత్రికి మున్సిపాలిటీ అంబులెన్సు ఇప్పించమని అతని భార్య కనకవ్వ నెల్లాళ్లుగా తిరుగుతోంది.

"గంజి గూడ దిగుతలేదన్నా. గా బండొక్కటి ఇప్పియ్యుండ్రి, మీ కాల్మొక్త."

"ముంబై ఎందుకు చెల్లె? మందు నీ గల్లీలకే వచ్చె గదా!"

అంబులెన్సు కూడా ఖాళీగా లేదు. నగరసేవకుడి బామ్మర్ది గోదాము నుంచి పసుపు బస్తాలు తెస్తోంది. రాజయ్యను స్టేజీ మీద మొదటి కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. దండ మాత్రం ఘనంగా ఉంది, అబద్ధమెందుకు.

పసుపు ముద్ద నోట్లో పెట్టుకుని, మీటింగు అయ్యేదాకా నోరు తెరవకూడదని షరతు. నల్లా నీళ్ల గురించీ, కరెంటు కోతల గురించీ అడగడానికి వచ్చినవాళ్లక్కూడా పెట్టారు. నాకూ పెట్టారు. ఆ మీటింగులో ఒక్క ప్రశ్న పుట్టలేదు. ప్రజాస్వామ్యం అంత ప్రశాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కనకవ్వ మాత్రం మొగుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ముందుగాల నువ్వు పెట్టుకో అన్నా. మేం సూస్తం."

శిబిరం ఫొటో కోసం వచ్చిన పేపరు విలేకరి కెమెరా ఎత్తాడు. ఇక తప్పదు. పర్శరాములు గారు దవడలోని గుట్కా రుమాల్లోకి ఊసి, నోరు తెరిచారు. పూర్తిగా తెరుచుకోలేదు. డాక్టరు టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ తెల్ల మచ్చ ఎప్పట్నుంచుందన్నా?"

ఆయన మైకు ఆపించి, గొంతు తగ్గించి అడిగారు. "పసుపుతోని పోదా?"

"పసుపు కూరల ఏస్కోండ్రి. ఇయ్యాలనే ముంబై పోవాలె."

చూస్తుండగానే అంబులెన్సులోంచి బస్తాలన్నీ దిగిపోయాయి. ఆయన ఎక్కి కూర్చునేలోపే కనకవ్వ దండతో సహా రాజయ్యను లోపలికి తోసి, తానూ ఎక్కేసింది. "జెర్ర జరుగన్నా," అంది.

బండి కదిలింది. పర్శరాములు గారు కిటికీలోంచి తల బయటపెట్టి మాకు చెయ్యి ఊపారు.

"ప్రోగ్రాం ఆపొద్దు! పసుపు ఎవ్వలు ఉమ్మొద్దు!"

మేం ఉమ్మలేదు.