ఉప్పు మండీలో ఆలోచనల ముహూర్తం

ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమేమనగా, స్వతంత్రం వచ్చిన నాలుగో ఏట, ఆత్మకూరు బజారులోని మా ఉప్పు, ఎండుమిరపకాయల మండీలో కొత్త ఆలోచనలకు అనుమతి లభించింది. అంతవరకు మేము పాత ఆలోచనలతోనే, అవి కూడా యజమానిగారివే, కాలక్షేపం చేసేవాళ్లం.

యజమాని మల్లికార్జునం శెట్టిగారు మద్రాసు వెళ్లి, అక్కడి కంపెనీల్లో దొరలు కూలివాణ్ణి కూడా సలహా అడుగుతారని విని వచ్చారు. మర్నాడే మమ్మల్ని సమావేశపరిచారు.

"ఈ మండీ మీదే అనుకోండి. మనసులో ఉన్నది నిర్భయంగా చెప్పండి. నాకు నచ్చేదైతే తప్పక చెప్పండి."

అయితే మా మండీలో ముహూర్తం చూడకుండా బండికి ఎద్దును కూడా కట్టరు. పెద్ద గుమాస్తా జనార్దనయ్యగారు పంచాంగం తిరగేసి, గురువారం పది నుంచి పదకొండున్నర దాకా ఆలోచనలకు మంచి వేళ అని నిర్ణయించారు. హోదా ప్రకారం వరసగా చెప్పాలి. చెప్పబోతుండగా ఎవరైనా తుమ్మితే ఆ ఆలోచన వారం ఆగాలి. మిరపకాయల మండీలో తుమ్మనివాడు ఉండడని ఎవరికీ తోచలేదు. ఒకవేళ తోచినా, ఆ రోజు గురువారం కాదు.

మొదటివారం జనార్దనయ్యగారు యజమానికి కొత్త పరుపు కావాలన్నారు. అద్భుతమన్నారు శెట్టిగారు. రెండో గుమాస్తానైన నేను "ఇచ్చట కొత్త ఆలోచనలు హోల్‌సేలుగా స్వీకరించబడును" అని బోర్డు కట్టించాలన్నాను. కట్టించారు. దాని మీద నా పేరు వేయకపోవడం నన్నిప్పటికీ బాధిస్తుంది.

ఆఖరివాడు హమాలీ వెంగయ్య. ఉప్పు గోదాము అతని పూచీ. ఉప్పు తడిస్తే పని పోతుంది, పని పోతే ఇంట్లో ఆరుగురు పస్తు. మూడు గురువారాలు నోరు తెరిచాడు. మూడుసార్లూ తుమ్ము అడ్డొచ్చింది. మూడోసారి తుమ్మింది అతనే.

ఆ మరుసటి బుధవారం మబ్బు కమ్మింది. వెంగయ్య పరుగెత్తుకొచ్చాడు.

"సామీ, గోదాము ఎనక గోడకి బొక్క పడి ఉండాది. బస్తాల కింద చెక్కలేద్దాం. నలుగురం పడితే గంట పని."

"ఏందిరా తొందర? ఇయ్యాల బుధవారం," అన్నారు జనార్దనయ్యగారు.

"వాన రేపటిదాకా ఆగతాదా సామీ?"

"ముహూర్తం చూడకుండా వచ్చే వానకి మనమేం చేస్తాం రా!"

వెంగయ్య ఒక్కడే నాలుగు బస్తాలు చెక్కల మీదికెత్తాడు. విన్నవించని ఆలోచనను అమలు చేయడం అపచారమని అందరం కలిసి వాటిని దించేశాం. అతన్ని చూస్తే జాలేసింది. దించడం మాత్రం మానలేదు.

సాయంత్రానికి వాన దంచింది. ఉప్పంతా కరిగి బజారు వెంట పారింది. ఊళ్లో మేకలు వారం రోజులు మా వాకిట్లోనే కాపురం పెట్టాయి.

మర్నాడు శుభవేళలో విచారణ జరిగింది. మిరపకాయలూ తడిసినందువల్ల ఎవరూ తుమ్మలేదు. వెంగయ్య తన ఆలోచన ఆసాంతం చెప్పాడు. శెట్టిగారు ముగ్ధులై, ఖాళీ గోదాములో వెంటనే చెక్కలు వేయించారు. తర్వాత, "ఇంత తెలిసినవాడు ముందే చెప్పకపోవడం ద్రోహం," అని అతన్ని పనిలోంచి తీసేశారు.

"మీరు ఆడే ఉంటిరి గదా సామీ, చెప్పండి," అన్నాడు వెంగయ్య నా వైపు తిరిగి.

నా వంతు అయిపోయిందన్నాను.

ఖాళీ అయిన ఆ పనిని గోదాము సూపర్వైజరు ఉద్యోగంగా పెంచి మా బామ్మర్దికి ఇప్పించాను. ఎంతో వినయవంతుడు. ఇంతవరకూ ఒక్కటీ గమనించలేదు. మీ ఆఫీసుల్లోనూ ఇలాంటివాళ్లకే గిరాకీ అని విన్నాను. ఇంకో బామ్మర్ది ఖాళీగానే ఉన్నాడు.