నాగలక్ష్మమ్మకు కనపడని నీలం

ఆ సోమవారం ఓబులేసు పొద్దున్నే వేంపల్లెలో బస్సెక్కి కడప వెళ్ళి, ఊరికి మంచినీళ్ళ బావి కావాలని కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలనుకున్నాడు. ఊరి తరఫున పోయే మనిషి పంచె తెల్లగా మెరవాలని ఆయన భార్య నాగలక్ష్మమ్మ పట్టుపట్టింది.

ఉతికిన పంచె ఆమెకు పసుపుగా కనిపించింది. నీలిమందు నీళ్ళలో ముంచింది. ఇంకా పసుపే. మరో చిటికెడు వేసింది. చివరికి పొట్లమంతా గుమ్మరించింది.

"ఇంక సాల్లేవే, తెల్లగానే ఉండాది," అన్నాడు ఓబులేసు. నిజానికి పంచె నెమలి మెడలా ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన భార్య మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

"తెల్లగా యాడుండాది? ఆ అంగడి ఏసేపు కల్తీ మందు అమ్మినాడు. రా, అడుగుదాం!"

తడిపంచె మొగుడికి కట్టించి అంగడికి లాక్కుపోయింది.

ఏసేపు నోరు తెరిచాడు. "అమ్మా, ఇంతకంటే నీలం నా అంగట్లోనే లేదు!"

"పసుపుముద్ద మాదిరుంటే నీలమంటావా? ఊరందర్నీ మోసం చేస్తాండావు!"

జనం మూగారు. పొట్లాలు కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చిచ్చారు. అవతల బస్సు వెళ్ళిపోయింది. ఏసేపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"నీలమేనే. శానా నీలం."

రెండు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు తానే కడప బయలుదేరింది. దారిలో అర్జీ కూడా తానే ఇచ్చేసి, తన కళ్ళు బాగున్నాయని రాయించుకోవడానికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"కంట్లో పొర ముదిరి పసుపెక్కిందమ్మా. నీలాన్ని లోపలికి రానివ్వడం లేదు. ఆపరేషన్ చెయ్యాలి," అన్నాడు డాక్టరు.

"చెయ్యప్పా. నా మాటే నిజమని తేలుతాది!"

కుడికంటికి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని నాగలక్ష్మమ్మ పంచె చూసింది; నెమలి మెడలా నీలంగా ఉంది. తర్వాత నేరుగా అంగడికి వెళ్ళి, పదిమంది ముందూ చేతులు జోడించింది. "తప్పు నాదేనప్పా, ఏసేపూ."

అయితే ఆ కంటికి సున్నం గోడ, మజ్జిగ, అన్నం కూడా నీలంగానే కనపడసాగాయి. పొర తీసిన కంటికి నీలం ఎక్కువే చేరుతుందని డాక్టరు నచ్చజెప్పాడు. ఎడమకంటికి మాత్రం లోకమంతా ఇంకా పసుపే.

ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూసి, ఆమె మొగుడి ముందు నిలబడింది. "ఈ రెండింట్లో యా కన్ను నిజం చెప్తాండాది? దాయకుండా చెప్పు."

ఓబులేసు బాగా ఆలోచించాడు.

"నువ్వు యా కన్ను తెరిస్తే అదే."

కాపురం మళ్ళీ దారిన పడింది.